చిగుళ్ళ అంచున నీలిగీత

హైదరాబాద్, తార్నాక
9 జూన్ 2024

అత్తకి,

వచ్చి రెండు రోజులైంది. బ్యాగు ఇంకా విప్పలేదు. విప్పితే నువ్వు పెట్టిన ఆవకాయ సీసా కనిపిస్తుంది, అది కనిపిస్తే నువ్వు గుర్తొస్తావు, నువ్వు గుర్తొస్తే ఆ మామిడి ముక్క.

ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. మీ ఇద్దరికీ ఉన్న ఒక్క ఫోనూ మావయ్య చొక్కా జేబులో ఉంటుంది. ఆటోనగర్ షెడ్డులో స్పీకరు మీద మోగుతుంది. నేను "అత్తా" అనేలోపు అయిదుగురు "ఆఁ" అంటారు. పైగా ఫోన్లో నేను నీ మాట పూర్తికానివ్వనని నీ ఫిర్యాదు. అందుకే కాగితం.

గురువారం పొద్దున నువ్వు కొబ్బరిమామిడి ముక్క కొరికి పళ్ళెం అంచున పెట్టావు. దాని మీద నాలుగు పళ్ళ గుర్తులు, నాలుగింటి చుట్టూ ఎర్రటి తడి. నేను చూస్తున్నానని తెలిసి ముక్కని తిరగేశావు. తిరగేయడం కూడా చూశాను.

తర్వాత దుప్పటి కోసం అటక ఎక్కితే పేపర్లో చుట్టిన చుట్టల కట్ట. కొత్తది, వాసన కూడా పోలేదు. మళ్ళీ అడ్డపొగ మొదలుపెట్టావన్నమాట. మీ అత్తగారు అప్పాయమ్మ మామ్మలాగే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, పెదాలు మూసుకుని, పొయ్యి దగ్గర కూర్చోవడం. నాకు గుర్తుంది ఆ వాసన.

నా ఉద్యోగం ఏమిటో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. మా ల్యాబులో బీరువా అంత పెట్టె ఉంది. అందులోంచి ప్రాణవాయువు తోడేస్తాం. మనుషుల చిగుళ్ళ నుంచి తీసిన కణాల్ని గాజు పళ్ళాల్లో పెట్టి లోపలికి తోస్తాను. ఒక పళ్ళెంలో పొగాకు రసం, ఇంకోదాంట్లో సీసంలాంటి లోహాలు, వేరొకదాంట్లో ఏమీ ఉండవు. గాలాడకపోతే అవి కొంతసేపు ఓర్చుకుంటాయి. తర్వాత గోల మొదలుపెడతాయి. ఆ గోల ఎముకని తినే కణాలకి పిలుపు. విషం కలిసిన పళ్ళాల్లో గోల ముందే మొదలవుతుంది. రోజంతా అది చూసి హాస్టలుకి వచ్చి కళ్ళు మూసుకుంటే నీ దవడ కనిపిస్తోంది.

పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళు. చుట్ట మానెయ్. రెండిట్లో ఏది ముందైనా సరే.

నీ యశ


గాజువాక
18 జూన్

కోడలా యశా,

నీ ఉత్తరం కళ్ళజోడు నేకుండా ఒకపాలి, ఎట్టుకోని ఒకపాలి సదివినాను. రెండుపాలూ తిట్లే కనిపించినాయి.

ఇన్నాళ్ళూ జవాబు రాయడానికి సెయ్యి కాళీ నేదు. సేపల వేట ఆపీసి అరవయ్యొక్క రోజులు బోట్లు కట్టీసి ఉంచుతారు గదా, ఆ రోజులే మనకి పంట. వలలన్నీ అప్పుడే బాగుసేయించుకుంటారు. మొన్న పద్నాలుగుతో అయిపోనాది. మీ మావ షెడ్డులో పాత బేటరీల సీసం కరిగించి రేకులు పోసి ముక్కలు కోసి తెస్తాడు, నాను వెనకగదిలో కూకోని వల అడుగు తాడుకి ఒక్కో ముక్కా సుట్టి నొక్కుతాను. కిటికీ మూసీసే ఉంటాది, తీస్తే బయట ఫేక్టరీల మసి వచ్చి వల మీద పడతాది. ఈ ఏడు ఆరు వలలు సేసినాను. బుగ్గలో పది ముక్కలెట్టుకోని కూకుంటే ఎవలు పిలిసినా పలకను. "ఈ రెండు నెలలూ ఇల్లు గుడిలాగుంటాది" అంటాడు మీ మావ.

నువ్వు సెప్పినావని పళ్ళ డాక్టరమ్మ కాడికి ఎల్లినాను. అనూరాధ అంట, సిన్న పిల్ల, సేతులు మెత్తన. కింద ఆరు పళ్ళు ఊగుతన్నాయి, అడుగున ఎముక తినీసినట్టు అయిపోనాది, తీసీసి కట్టుడు పళ్ళు ఎడదామంది. ఏటి పని సేస్తారంటే ఇంట్లోనే ఉంటానన్నాను. సుట్ట కాల్చేవారా అంటే ఒకప్పుడు అన్నాను. అంతా రాసుకుంది.

పంటినొప్పి నాను ఓర్సుకుంటాను. నోట్లో ఎప్పుడూ తియ్యగా ఇనప రుసి ఉంటాది, అదే ఇసుగు. అన్నం సయించడం నేదు. పొట్ట నులిపెడితే వాము నీళ్ళు తాగుతన్నాను.

సుట్టల మాట ఉత్తరంలో రాయను. ఎవలు సదువుతారో ఏటో.

బ్యాగు విప్పు. ఆవకాయ సీసా మూత సరిగ్గా బిగించినానో నేదో.

అత్త


హైదరాబాద్
24 జూన్

అత్తా,

మూత బాగానే బిగించావు. బ్యాగు విప్పలేదు, బ్యాగుతో సహా హాస్టలే మారాను. ఈ ఏడాదిలో మూడోది. పాత గదిలో ఫ్యాను చప్పుడు. ఈ గదిలో కిటికీ తెరిస్తే పక్కింటి గోడ, మధ్యలో నా అరచెయ్యి పట్టేంత సందు. ఉండలేకపోతున్నాను. వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకి నలభై రెండు అడుగులు. పెన్ను మూతలన్నీ కొరికేశాను, ఇప్పుడు పెన్సిలుతో రాస్తున్నాను.

చుట్టల మాట రాయనన్నావు. అంటే ఔననే కదా. అనూరాధగారి దగ్గర "ఒకప్పుడు" అన్నావు చూడు, అది ఇంకా బాధ. డాక్టరుకి అబద్ధం చెప్తే ఆవిడ మందు కూడా ఆ అబద్ధానికే ఇస్తుంది.

నోట్లో ఏం జరుగుతోందో చెప్తాను, విను. పంటికీ చిగురుకీ మధ్య సన్నటి సంచిలాంటి సందుంటుంది. జబ్బు చేస్తే ఆ సందు లోతవుతుంది. లోతయ్యేకొద్దీ గాలి అందదు. గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు అక్కడ కాపురం పెడతాయి. అవి వదిలే వాయువే నోటి కంపు. పొగ పీలిస్తే చిగుళ్ళకి నెత్తురు మోసే సన్న నాళాలు ముడుచుకుంటాయి, ఉన్న కాస్త గాలీ పోతుంది. నువ్వు నిప్పునే లోపల పెట్టుకుంటున్నావు!

ఈ కవర్లో పిడి ఉన్న చిన్న అద్దం పెట్టాను, మా ల్యాబుది. పొద్దున వాకిట్లో వెలుతుర్లో నోరు తెరిచి చూసుకో. అంగిట్లో తెల్లమచ్చలుంటే వెంటనే రాయి. అడ్డపొగకి వచ్చేవి అవే, వాటికే నా భయం. మావయ్యకి కూడా ఒక చీటీ పెడుతున్నాను. కోపగించుకో, ఫరవాలేదు. ఎవరో ఒకరు ఆ కట్ట తీసి బయట పారెయ్యాలి కదా.

పళ్ళు తీయించుకోవడానికి తొందరపడకు. వచ్చే నెలాఖరుకి మా మేడమ్ సెలవిస్తారు, వస్తాను.

యశ


గాజువాక
1 జూలై

ఎమ్మెస్సీ సదివిన మేనకోడలు యశస్విని గారికి గౌరీశ్వరి రాయునది.

మీ సీటీ మీ మావకి అందింది. షెడ్డులో అందరి మద్దినా గట్టిగా సదివినాడు. నాను అప్పుడే కేరేజీ అట్టుకెల్లినాను. సింహాద్రి నేడూ, ఆ సీసం కరిగించీ మనిషి, "అప్పా, నాకూ ఒక దమ్ము ఒగ్గు" అన్నాడు. అందరూ నవ్వినారు. మీ మావ కూడా. కేరేజీ గట్టు మీద ఎట్టీసి ఒచ్చీసినాను. ముప్పయ్యేళ్ళుగా ఆ షెడ్డుకి అన్నం మోస్తన్నాను, ఒక్కడూ నన్ను సూసి నవ్వింది నేదు.

ఆ కట్ట మా అత్తది. అప్పాయమ్మ పోయిన రోజు ఆషాడంలో ఒస్తాది. ఆ రోజు ఇస్తరాకులో అన్నం, ఎండుసేపల కూర, పక్కన ఆవిడకిష్టమని ఒక సుట్ట ఎడతాం. ఒక సుట్ట ఎవడూ అమ్మడు, కట్ట కొనాల. ఈ ఏటికని ముందే కొని అటకెక్కించినాను. అది మీకు దొరికింది.

నాను మానీసి పదిహేడేళ్ళయింది. నీకు ఎనిమిదేళ్ళు. ఏసవి సెలవులకి ఒచ్చినావు. ముద్ద కలిపి నోటికెడితే నా సెయ్యి తోసీసి "అత్తా, నీ సెయ్యి కంపు, నాకొద్దు" అన్నావు. ముద్ద నేల మీద పడ్డాది. ఆ సాయంత్రమే సుట్టలన్నీ పొయ్యిలో ఎట్టీసినాను. నీకు గురుతు నేదు. ముద్ద ఎత్తినది నాను గదా, నాకుంటాది.

సుట్ట మానీసినా నోరు ఊరుకోదు. ఆ మరసటేడు నువ్వే దానికి దారి సూపించినావు. పట్టకారు నేకపోయినా సీసం ముక్క బుగ్గనెట్టుకోని, పంటితో నొక్కితే పని రెట్టింపు అవుతాదని. ఆ రోజు నుంచి నాను పట్టకారు ముట్టనేదు. ఈ ఈదిలో ఎవులడిగినా మా కోడలు నేర్పిందని సెప్పుకుంటాను. సెప్పుకునేదాన్ని.

మీ అద్దంలో సూసుకున్నాను. తెల్లమచ్చలు నేవు. కింద పళ్ళ మొదట్లో చిగురు అంచున నీలంగా గీత ఉంది, కాటుక పుల్లతో దిద్దినట్టు. డాక్టరమ్మ అడిగితే పళ్ళపొడి మరక అన్నాను.

పన్నెండో తారీకున పళ్ళు తీయించుకుంటన్నాను. పళ్ళే నేకపోతే మీకు నా నోటితో పని ఉండదు. ఉత్తరాలు రాయక్కర్నేదు.

గౌరీశ్వరి


హైదరాబాద్
7 జూలై, బస్సు పార్సిలులో

అత్తా,

నన్ను తర్వాత తిట్టు. ముందు ఇది చివరిదాకా చదువు.

నీ ఉత్తరం నిన్న అందింది. ఆరుసార్లు ఫోను చేశాను. అయిదుసార్లు మోగి ఆగిపోయింది. ఆరోసారి మావయ్య ఎత్తి "మీ అత్త నీతో మాటాడదట. నానేటి సెయ్యను?" అన్నాడు. వెనక ఎవరో నవ్వారు. అత్త సీసం నోట్లో పెట్టుకోకూడదని అరిచాను. "అలగేలే, సెప్తాన్లే" అన్నాడు. పదహారేళ్ళుగా కళ్ళముందు చూస్తున్నది ఆయనకి విషంలా ఎందుకు వినిపిస్తుంది? చెప్పడని తెలిసి ఇది రాస్తున్నాను.

ఆ నీలం గీత పళ్ళపొడి మరక కాదు. చుట్టది అంతకన్నా కాదు. నువ్వు మింగుతున్న సీసం నెత్తుర్లో తిరుగుతూ చిగుళ్ళ అంచుకి వస్తుంది. అక్కడ గాలి అందని సందులో సూక్ష్మజీవులు వాయువు వదులుతుంటాయని రాశాను కదా. ఆ వాయువు, ఈ సీసం కలిసిన చోట నీలంగా పేరుకుంటుంది. ఆ తియ్యటి ఇనప రుచి సీసం వల్లే కావచ్చు. పొట్ట నులిపెట్టడం కూడా. దానికి వాము నీళ్ళు పని చెయ్యవు. మింగిన సీసాన్ని ఎముక సున్నమనుకుని తనలో చేర్చుకుంటుంది. నీ దవడకి ఒక పక్క గాలి అందడం లేదు, ఇంకో పక్క విషం అందుతోంది.

ఇదంతా నాకు తెలుసు. నా పెట్టెలో మూడో అరలో పళ్ళాల మీద "సీసం" అని చీటీలు అంటించింది నేనే. నువ్వు మొదటి ఉత్తరంలోనే బుగ్గలో పది ముక్కలని రాశావు. నేను ఆ ఉత్తరంలో చుట్ట అన్న మాట కోసం మాత్రమే వెతికాను. ఫోన్లో నీ మాట తుంచేస్తానంటావు. కాగితం మీద కూడా తుంచేశాను.

పన్నెండున వెళ్ళడం మానకు. కానీ కుర్చీ ఎక్కేముందు ఈ కాగితం అనూరాధగారికి ఇవ్వు. ఏం పని చేస్తారంటే ఇంట్లో ఉంటానని చెప్పకు. వలలకి సీసం కడతాను, పళ్ళతో నొక్కుతాను అని చెప్పు. నెత్తురు పరీక్ష చెయ్యమను. సీసం ఆగకుండా పళ్ళు పీకితే ఆ గాయం మానదు, మిగిలిన ఎముకా నిలవదు. అది ఆగితే కొన్ని పళ్ళయినా దక్కుతాయేమో ఆవిడ చెప్తారు.

ఆ వేసవి నాకు గుర్తుంది. అంతకుముందు ఏడాది ముద్ద తోసేసింది నిజంగా గుర్తులేదు, కానీ ఇది గుర్తుంది. పట్టకారు మావయ్య షెడ్డుకి పట్టుకెళ్ళిపోయాడు. నువ్వు వల ముందు పెట్టుకుని ఊరికే కూర్చున్నావు. నేను ఒక ముక్క నోట్లో పెట్టుకుని నొక్కాను. మెత్తగా, తియ్యగా ఉంది. నువ్వు తాడు పట్టుకుని చూసి "ఓలమ్మ, ఏటి బుర్రే గుంటా నీది!" అన్నావు. ఆ ఒక్క మాట కోసం వేసవంతా నొక్కాను. నువ్వూ నొక్కడం మొదలుపెట్టావు.

నీ దవడని తింటున్నది ఏమిటని నెల రోజులుగా వెతుకుతున్నాను అత్తా. నేను నేర్పిన తెలివే.

మేడమ్ సెలవివ్వగానే వస్తాను. అప్పటిదాకా ఒక్క ముక్క కూడా నోట్లో పెట్టుకోకు.

యశ


గాజువాక
16 జూలై

యశా,

దవడ కట్టు ఉంది. మాటాడకూడదట, అందుకని నీకు రాత్తన్నాను. మాటాడొచ్చని అన్నా నీకు రాసేదాన్నే.

నీ పార్సిలు తొమ్మిదో తారీకునే అందింది. కోపంతో విప్పనేదు. సంచిలో పడేసినాను. పన్నెండున ఆసుపత్రి బల్ల మీద కూకుంటే నాకు ముందు నలుగురున్నారు. ఏటీ తోచక, కళ్ళజోడు తీద్దామని సెయ్యి ఎడితే కవరు తగిలింది. విప్పినాను. సదువుతుంటే నా పేరు పిలిసినారు. "ఉండండమ్మా, ఇంకా అవనేదు" అన్నాను. లోపలికెల్లి కాగితం ఆ పిల్లకిచ్చీసినాను. నిలబడే సదివింది. లైటు దగ్గరకి లాగి నా పెదవి కిందకి నొక్కి సూసింది. "అమ్మా, ఇంట్లోనే ఉంటానన్నారు కదా" అంది. ఇంట్లోనే గదా సేస్తన్నాను అన్నాను. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళో నవ్వో తెలవనేదు.

ఆ రోజు పన్ను ఒక్కటీ తియ్యనేదు. నెత్తురు పట్టికెళ్ళినారు. ఐదు లోపు ఉండాల్సింది నాకు నలభయ్యారు ఉందట. నిన్న మళ్ళీ కూకోబెట్టి రెండు పళ్ళు తీసీసినారు, అవి ఇంక నిలవవంట. మిగిలిన నాలుగూ లోపలంతా గీకి కడిగి, సన్న తీగతో పక్క పళ్ళకి కట్టినారు. వలకి ముక్కలు సుట్టినట్టే ఉంది. బాగా కట్టింది, ముడి ఎక్కడా కనపడదు. నాలుగు నెలలు సూసి, ఎముక పట్టుకుంటే ఉంచీద్దామంది. పట్టుకుంటాదో నేదో ఆ పిల్లకీ తెలీదట. తెలీదని సెప్పిన డాక్టరుని ఇప్పుడే సూసినాను.

సీసం ముట్టొద్దంది. సేతులు ఊరుకోడం నేదు. బియ్యంలో రాళ్ళు నేకపోయినా ఏరుతన్నాను.

నీ అద్దం మీ మావ షెడ్డుకి అట్టుకెల్లినాడు. ముందు తనే సూసుకున్నాడట. తరవాత ఒకలొకలే. సింహాద్రి నోరు తెరిసి సూసుకోని మూసీసినాడు. ఇప్పుడు దమ్ము అడగడం నేదు, నెత్తురు పరీక్ష ఎక్కడని అడుగుతన్నాడు. మీ మావ నాలుగు పట్టకార్లు కొనుక్కొచ్చి వెనకగది గోడకి మేకులు కొట్టి తగిలించినాడు. కిటికీ తెరిసీసినాడు. మసి పడతంది. కేరేజీ కూడా తనే వచ్చి తీసుకెల్తన్నాడు.

నువ్వు నేర్పినావన్నది నిజిమే. నేదని నాను అబద్దం సెప్పను. తొమ్మిదేళ్ళ గుంట సూపిస్తే నలభయ్యేళ్ళకి దగ్గరపడినదాన్ని నాను సేసినాను. మెచ్చుకున్నది కూడా నానే. నాకు నోట్లో ఏదో ఒకటి ఉండాల, నీకు మెప్పు గావాల. అలగ అయిపోనాది. ఏడవకు.

ఇంకో మాట. నీ ఉత్తరం మూడుపాలు సదివినాను. అందులో నా నోరుంది. నీ నోరు నేదు. నాలుగేసవులు నువ్వూ నా పక్కన కూకోని నొక్కినావు. ఇప్పుడు రోజూ ఆ సీసం పళ్ళాలతోనే ఉంటన్నావు, ఆ సేతులతోనే పెన్ను మూతలు కొరుకుతన్నావు. మరి నువ్వు సూసుకున్నావా? మామిడి ముక్క తిరగేసినట్టు తిరగేయకు. నానూ సూసినాను.

అత్త


హైదరాబాద్
22 జూలై, బస్సు పార్సిలులో

అత్తా,

తిరగేశాను. నీకు ఆ ఉత్తరం రాయకముందే చూసుకున్నాను. అందుకే రాయలేదు.

కింద, ఎడమ పక్క, రెండు పళ్ళ మధ్య ఏదో ఉంది. గీతో, నీడో, ఈ హాస్టలు బాత్రూంలో గుడ్డిబల్బు చేస్తున్న మాయో తెలియడం లేదు. మూడు అద్దాల్లో చూశాను. ల్యాబులో లైటు కింద నిలబడి చూసుకుంటుంటే మేడమ్ వచ్చారు. "ఏం చూస్తున్నావు?" అన్నారు. చెప్పాను. చుట్ట గురించీ, నీ సీసం గురించీ, నా వేసవుల గురించీ అంతా చెప్పాను. ఆవిడ నన్ను మూడో అర నుంచి తప్పించి, ఆ సాయంత్రమే నెత్తురు ఇప్పించారు. చిన్నప్పటిది నెత్తుర్లోంచి ఎప్పుడో పోయి ఉంటుందని, ఎముకలో దాక్కున్నదాన్ని ఈ పరీక్ష పట్టదని కూడా చెప్పారు. ఇప్పుడు తిరుగుతున్నదేమైనా ఉంటే తెలుస్తుంది. అంతవరకే.

నీ నాలుగు పళ్ళకీ నాలుగు నెలలు. నా కాగితానికి మూడు రోజులు. వరండాలో అడుగులు లెక్కపెట్టడం మానేశాను. తక్కువయ్యాయని కాదు, ఎక్కడా ఆగక లెక్క తప్పుతోంది.

గురువారం కాగితం ఇస్తారు. అంటించిన కవర్లో ఇమ్మన్నాను. ఆ సాయంత్రమే రైలెక్కి శుక్రవారం పొద్దున దువ్వాడలో దిగుతాను. మావయ్యని స్టేషనుకి రావద్దను, ఆటోలో వస్తాను. కవరు నేను విప్పను. నువ్వు విప్పు, నువ్వే చదువు, కళ్ళజోడు లేకుండా ఒకసారి, పెట్టుకుని ఒకసారి. నేను మధ్యలో మాట్లాడను.

చదివాక చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కో. ఆవకాయతో ఒక ముద్ద కలుపు. అందులో ఏ అంకె ఉన్నా సరే, నా నోట్లో పెట్టు.

ఈసారి తొయ్యను.

యశ